నాగమణమ్మ పాటకు ఈల

ఆగస్టు 9, 1981. ఆదివారం

ముందు అందరి క్షేమం. నా కొడుకు మొగులయ్యకు దగ్గు ఎలా ఉంది? తగ్గిందంటాడు. తెల్లవారుజామున నల్లా దగ్గర దగ్గుతుంటే నాకు వినిపిస్తూనే ఉంది. కోడలు నీలమ్మ మోకాలు ఎలా ఉంది? మంచిగనే ఉంది అత్తమ్మా అంటుంది, మెట్టు ఎక్కేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటుంది. మనవడు సోమశేఖర్ కళ్ళు ఎలా ఉన్నాయి? ఆ ఆర్కెస్ట్రా పోరగాళ్ళతో తిరిగి తిరిగి ఎర్రగా అయ్యాయి. బొంగోలు వాయించే చేతికి బొబ్బ కూడా లేచింది. ఇక నేను. నాకు గుండె దడ.

ఎవరికి రాస్తున్నాను అంటే ఎవరికీ కాదు. నాకు ఉత్తరం రాయడం ఒక్కటే తెలుసు, అందుకే ఇలా మొదలుపెట్టాను. దవాఖానలో లేడీ డాక్టర్ నా చెయ్యి పట్టి చూసి, బిపి తప్ప నీకు ఏ బీమారీ లేదమ్మా, ఫికరే నీ బీమారీ, ఊకె దిగులు పడుతున్నవు, ఎవరికన్నా చెప్పుకో అంది. శేఖర్‌కు చెప్పబోతే, నాకు చెప్పకు నాయినమ్మా, దీనికి చెప్పుకో అని బస్ డిపోలో వాళ్ళ నాయనకు యూనియన్ వాళ్ళిచ్చిన డైరీ నా ఒళ్ళో పడేశాడు. నేను చదివింది నాలుగో తరగతి. జనవరి నుంచి ఆగస్టు దాకా తెల్ల కాగితాలు వృథాగా పోయాయి. వాటిని ఏం చెయ్యాలి?

ఆగస్టు 11, మంగళవారం

ఈ రోజు ఏమీ జరగలేదు. అదే భయంగా ఉంది.

ఆగస్టు 13, గురువారం

శేఖర్ జుమ్మేరాత్ బజార్‌కు పోయి పాత సామాన్లలోంచి ఒక గ్రామఫోను ప్లేటు పట్టుకొచ్చాడు. దాని అట్ట సంచి మీద బొమ్మ చూసి నా చేతిలోని చాట జారిపోయింది. నాగమణమ్మ. అదే పక్క పాపిడి, చెవి పక్కన అదే పువ్వు.

ఎవలు నాయినమ్మా ఈ ముసలామె అన్నాడు. ముసలామె ఏందిరా, గప్పుడు ఆమెకు ఇరవై రెండేండ్లు అన్నాను. ఇప్పుడెన్ని అన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. డెబ్బై దాటి ఉండాలి. మరి ముసలామెనే గదా అని నవ్వాడు. నేను మాత్రం వదల్లేదు, అన్నం పెడుతూ కూర్చోబెట్టి అంతా చెప్పాను.

మా నాయన ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. పండగలకు గంజ్ షావుకార్లు నాటకం కంపెనీని పిలిపించేవారు. ఖాళీ జాగాలో చెక్కలతో స్టేజీ, పెట్రోమాక్సు దీపాలు, మైకు లేదు. షావుకార్లకు కుర్చీలు, మాకు బెల్లం బస్తాలు. నాగమణి పాట ఎత్తుకుందంటే బస్తాల మీద కదిలేవాళ్ళు లేరు. అయిపోగానే వన్స్ మోర్, వన్స్ మోర్ అని ఒకటే అరుపులు. ఆమె చెయ్యి గుండె మీద పెట్టుకుని దండం పెట్టి మళ్ళీ మొదటి నుంచి పాడేది. ఆ పాటలతో కథ ముందుకు పోయేదే కాదు. రాక్షసుడి వేషం వేసినవాడు తెర వెనకాల నిద్రపోయేవాడు.

నచ్చని వాళ్ళు వస్తే మాత్రం వెనక నుంచి ఈల పడేది. ఈల పడిందంటే దిగిపొమ్మని. తెర దించెయ్యాల్సిందే. ఆ వేషగాడు ఆ పూట అన్నం కూడా ముట్టేవాడు కాదట.

గంజ్ ఆడపిల్లలం అందరం నాగమణిలాగా పక్క పాపిడి తీసుకున్నాం. మా అమ్మ నన్ను దువ్వెనతోనే కొట్టింది. పక్క పాపిడి ఇంటి ఆడోళ్ళు తీస్తారా అని. పొద్దున నూనె కారేటట్టు పెట్టి నడి నెత్తిన పాపిడి తీసి పంపేది. సందు మలుపు తిరగ్గానే పక్కకు దువ్వుకునేదాన్ని.

శేఖర్ తినడం ఆపేసి విన్నాడు. గింత ఫ్యానా నువ్వు, మరి కటౌట్ గిట్ల కట్టిండ్రా అని అడిగాడు. నీలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆగస్టు 16, ఆదివారం

శేఖర్ ఆ ప్లేటును బ్యాండు షాపులో పాత మిషన్ మీద పెట్టించుకుని విన్నాడట. ఇంటికి వచ్చి గడప మీదే కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, ప్లేటు మస్తు గీసుకుపోయింది నాయినమ్మా, అయినా గా గీతలల్లకెళ్ళి గొంతు లేస్తనే ఉంది అన్నాడు. గప్పుడు మైకు కూడ లేదంటివి. కడపటోనికి గూడ వినపడేదా అన్నాడు. వినపడేది అన్నాను.

జ్వరమేమోనని నుదురు పట్టి చూశాను. లేదు.

ఆగస్టు 23, ఆదివారం

ఆమె బతికే ఉంది! బ్యాండు షాపు పెద్దమనిషికి ఆమె ఆచూకీ తెలుసట. చాంద్రాయణగుట్టలో చెల్లెలి కొడుకు ఆగయ్య దగ్గర ఉంటోంది. శేఖర్, ఇద్దరు స్నేహితులు పోయి వచ్చారు. వాకిట్లో ఒకామె కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే, నాగమణమ్మ ఉన్నదా అని ఆమెనే అడిగారట. ఉన్నది, ఏం కావాలె అన్నదట. గా పాటలు పాడే నాగమణమ్మ అని వీళ్ళు. గామెనే, గిప్పుడు చింతపండు తీస్తున్నది అన్నదట.

వినాయక చవితికి మా గల్లీ పందిట్లో వీళ్ళ ఆర్కెస్ట్రా ప్రోగ్రామ్‌లో పాడమంటే మొదట వద్దంది. నా పాట మీకెందుకు బిడ్డా, మీకు డ్యాన్సులు కావాలె గదా అంది. శేఖర్ ప్లేటు తీసి చేతిలో పెట్టాడట. చాలాసేపు తన బొమ్మనే చూసి, గింత చిన్నదాన్నా అని, చివరికి ఒప్పుకుంది.

శేఖర్ స్నేహితులు మా వాకిట్లోనే ఆమె నడకను, చేతులు ఊపడాన్ని చేసి చూపించి పడి పడి నవ్వారు. నాకు అన్నం సహించలేదు.

ఆగస్టు 30, ఆదివారం

గొంతు పోయి ఉంటే? మెట్ల మీద కాలు జారితే? దగ్గు వస్తే? ఆ పోరగాళ్ళు నవ్వితే? ఏదన్నా లొల్లి అయ్యి కర్ఫ్యూ పడితే ఆమె చాంద్రాయణగుట్టకు ఎలా పోతుంది? వద్దని చెప్పిరా అని శేఖర్ కాళ్ళావేళ్ళా పడ్డాను. నేనున్న గదా, నువ్వు బేఫికర్ ఉండు అంటాడు. వాడున్నాడనే నా ఫికరు.

సెప్టెంబర్ 2, బుధవారం

వినాయకుణ్ణి కూర్చోబెట్టారు. వాన. పందిరి కారుతోంది, సరిగ్గా మైకు మీద.

సెప్టెంబర్ 9, బుధవారం

అక్షరాలు ఎట్లా వస్తే అట్లా రానీ.

ఐదింటికి ఆగయ్య ఆమెను మా ఇంటికి తెచ్చాడు. తెల్ల చీర, తెల్ల జుట్టు, నడిమి పాపిడి. నా కంటే పొట్టిది. స్టేజీ మీద అంత పొడుగ్గా ఎలా కనిపించేదో. మిరియాల పాలు ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, వినేటోళ్ళున్నరా చెల్లె, అందరు పోరగాళ్ళే కనవడుతున్నరు అంది. నేనున్నానక్కా అన్నాను. నవ్వింది. నవ్వినా నేనేమనుకోను చెల్లె, పిల్లలు నవ్వుతరు. ఈల మాత్రం నా బతుకుల పడలె. గట్లనే పోతే చాలు అంది.

ఏడింటికి స్టేజీ ఎక్కింది. మైకు ముందు నిలబెడితే రెండు అడుగులు వెనక్కి వేసింది. శేఖర్ మైకు ముందుకు జరిపాడు. ఆమె ఇంకా వెనక్కి జరిగింది. చివరికి వినాయకుడి తొండం ఆమె భుజానికి తగిలేటట్టు ఉంది. జనం నవ్వారు. నా ప్రాణం సగం పోయింది. అప్పుడు ఎత్తుకుంది. తప్పిపోయిన బిడ్డను తల్లి ఊరంతా తిరుగుతూ పిలిచే పాట. నవ్వు ఆగిపోయింది. గొంతు సన్నబడింది, అక్కడక్కడ బీటలు కూడా ఉన్నాయి. అయినా బిడ్డను పిలిచే చోటుకు వచ్చేసరికి పైకి లేచి, లేచి, దిగకుండా అక్కడే నిలబడింది. నేను మళ్ళీ బెల్లం బస్తా మీద ఉన్నాను.

అప్పుడు పడింది ఈల.

మొదట ఒకటి. బొంగోల దగ్గర నుంచే. మా శేఖరే! ఆ వెనక పది, ఇరవై. చింపిన కాగితం ముక్కలు ఆమె తల మీద పడ్డాయి. పిలుపు మధ్యలోనే ఆగిపోయింది. ఆమె అటు ఇటు చూసింది. దండం పెట్టింది. ఆగయ్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగి, జుట్టులో కాగితం ముక్కలతోనే రిక్షా ఎక్కింది. నా వైపు చూడలేదు.

అందరి ముందూ శేఖర్‌ను భుజం మీద రెండు చరిచాను. వాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఎందుకు పోయింది నాయినమ్మా, మేం ఖుషీ అయ్యి కొట్టినం అంటాడు! ఇజ్జత్ తీసి మళ్ళీ ఖుషీ అంట. ఇక నాతో మాట్లాడకు అని వచ్చేశాను.

సెప్టెంబర్ 10, గురువారం

మాట్లాడలేదు. వాడూ మాట్లాడలేదు.

సెప్టెంబర్ 13, ఆదివారం

ఆగయ్య వచ్చాడు. వినాయకుడి దగ్గర పాటకు ముందే పిల్లలు ఆమెకు కప్పిన శాలువా మడత పెట్టి తిరిగి తెచ్చాడు. పాట పూర్తి చెయ్యనోళ్ళకు శాలువా ఎందుకు, పిల్లలకే ఇచ్చేసిరా అందట. మీ పెద్దమ్మ ఎట్లున్నది నాయనా అని అడిగాను. రోజూ పొద్దున హార్మోనియం ముందు కూర్చునేదట, ఇప్పుడు దాని మీద బట్టలు పెడుతోందట. సగం అన్నం పళ్ళెంలోనే వదిలేస్తోంది. ఎందుకు పెద్దమ్మా అంటే, ఆఖరికి నాకు గూడ పడ్డది కదరా అంటుందట.

శాలువా మీద ఇంకా కర్పూరం వాసన ఉంది. శేఖర్ లోపలి గదిలోంచి అంతా విన్నాడు. బయటికి రాలేదు.

సెప్టెంబర్ 17, గురువారం

డెబ్బై దాటిన మనిషి. తినకపోతే ఎన్నాళ్ళు ఉంటుంది? ఆ ఈల చెవిలో పెట్టుకునే పోతే? నా ఇంటి పిల్లవాడు వేసిన ఈల. బిపి గోలీ వేసుకున్నానో లేదో గుర్తు లేదు. రెండోది వేసుకుంటే ఏమవుతుందో తెలియదు. వేసుకోలేదు.

సెప్టెంబర్ 20, ఆదివారం

నీలమ్మ నన్ను మాట్నీకి తీసుకుపోయింది. నేను రానంటే, అత్తమ్మా, మీరు ఇంట్ల కూసొని గోడలకు గూడ ఫికర్ అంటిస్తున్నరు, లెవ్వుండ్రి అని చెప్పులు నా కాళ్ళ ముందు పెట్టింది. సినిమా చూసి ఎన్నేళ్ళయిందో. తలుపులు మూస్తుంటేనే భయం వేసింది, మంటలు అంటుకుంటే ఎటు పోవాలని.

దీపాలు ఆరాయి. తెర మీద దుమ్ము లేపుకుంటూ ఒక మోటార్ సైకిల్ వచ్చింది. హీరో దిగి జుట్టు ఎగరేశాడు. అంతే, హాలంతా ఈలలు. చింపిన కాగితాలు గాలిలో. అయ్యో, దిగిపొమ్మంటున్నరు, ఇప్పుడు సినిమా ఆపేస్తారు అని లేచి నిలబడ్డాను. వెనకవాళ్ళు కూర్చో అవ్వా అని అరిచారు. కూర్చోలేదు. తెరను వదిలేసి వాళ్ళ వైపు తిరిగి చూశాను.

ఎవరి ముఖంలోనూ కోపం లేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేటట్టు ఊదుతున్నారు. ఒకతని కళ్ళల్లో నీళ్ళు. ప్రసాదం అందినవాళ్ళ ముఖాల్లా ఉన్నాయి.

నీలమ్మా, వీళ్ళకు ఆ పిల్లగాడంటే ఇష్టమా, కోపమా అని అడిగాను. ప్రాణం అత్తమ్మా, ఆయనంటే చెవి కోసుకుంటరు అంది. మరి ఈల ఎందుకు వేస్తున్నరు అన్నాను. గందుకే వేస్తున్నరు అంది. ఇంటర్వెల్‌లో మళ్ళీ అడిగాను. నీలమ్మ నా ముఖం చూసింది, తనకూ అప్పుడే తట్టినట్టుంది. గోలీ సోడా చేతిలో పట్టుకుని, అయ్యో అత్తమ్మా, ఆమె గట్లనుకున్నదా అంది.

నేనూ గట్లనే అనుకున్నాను.

సెప్టెంబర్ 21, సోమవారం

శేఖర్‌కు ఇష్టమని సర్వపిండి చేశాను. నువ్వు ఆ రోజు నిజమే చెప్పినవు బిడ్డా అన్నాను. వాడు తలవంచుకునే తిన్నాడు. నేను నీకు అబద్ధం ఎన్నడన్న చెప్పిన్నా అన్నాడు. చెప్పావు, చాలాసార్లు, కానీ ఇప్పుడు అనలేదు. నాటకంలో ఈల అంటే ఏమిటో మళ్ళీ చెప్పాను. గా రోజు చెప్పినవు గాని, నాకు యాదికి రాలె నాయినమ్మా, ఆమె గొంతు గట్ల లేస్తుంటే చెయ్యి దానంతట అదే నోటికి పోయింది అన్నాడు. ఆ మాటకు వాడి కళ్ళు కూడా తడిశాయి. పెద్దవాడయ్యాడని చూడనట్టు ఊరుకున్నాను.

ఆదివారం ఇద్దరం పోతాం.

సెప్టెంబర్ 27, ఆదివారం

అఫ్జల్‌గంజ్‌లో బస్సు ఎక్కాం. తలుపుకు తాళం వేశామా అని శేఖర్‌ను అడుగుతూనే ఉన్నాను. నీలమ్మ ఇంట్లనే ఉన్నది గదా నాయినమ్మా, తాళం వేస్తే ఎట్ల బయటికొస్తది అన్నాడు. అది కొత్త ఫికరు అయింది.

నాగమణమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. మమ్మల్ని చూసి లేవలేదు. మళ్ళెందుకొచ్చిండ్రు అంది. నేను అక్కా అని మొదలుపెట్టి, మోటార్ సైకిల్, హీరో, కాగితాలు, కళ్ళల్లో నీళ్ళు, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె విని నా చెయ్యి తట్టింది. మంచిదానివి చెల్లె, నన్ను ఊరడించనీకె చెప్తున్నవు అంది. నమ్మలేదు.

శేఖర్ ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. అమ్మా, ముందుగాల కొట్టింది నేనే, యాడ కొట్టిన్నో చెప్త విను అని, ఆ పిలుపు తానే ఎత్తుకున్నాడు. వాడి గొంతు మా వీధిలో గేదె అరిచినట్టు ఉంటుంది. ఆమె రెండు చెవులూ మూసుకుంది. గట్ల కాదు బిడ్డా, ఆడ గుంజొద్దు, ఆడ ఒదిలెయ్యాలె, పిలుపు దానంతటది పోవాలె అంది. వాడు మళ్ళీ పాడాడు. ఇంకా ఘోరం. అయ్యో కాదురా, గిట్ల, అని తానే ఎత్తుకుంది.

ఎత్తుకున్నాక ఆగలేదు. కళ్ళు మూసుకుంది. పైకి పోయింది, అక్కడే నిలబడింది. శేఖర్ చెయ్యి నోటి దాకా పోయింది. నా వైపు చూశాడు. వద్దని తల ఊపాను. చెయ్యిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పిలుపు దింపి కళ్ళు తెరిచింది. ఏమైంది, ఈసారి మంచిగ లేదా అంది.

అప్పుడు కొట్టాడు. పక్కింటి కోళ్ళు ఎగిరి గోడ మీద పడ్డాయి. ఆగయ్య గిన్నె పట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చాడు. నాగమణమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. గుండె ఆగిందేమోనని నేను లేచాను. ఆమె శేఖర్ ముఖమే చూస్తోంది, నేను హాలులో ఆ ముఖాలను చూసినట్టు. గింత జోరుగనా అంది. లోపల్నించి వస్తదమ్మా అన్నాడు వాడు. ఆమె గుండె మీద నుంచి చెయ్యి తీసి, వన్స్ మోర్ అంది.

వాడు మళ్ళీ కొట్టాడు. ఆమె నవ్వీ నవ్వీ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. బయలుదేరేటప్పుడు శేఖర్‌ను పిలిచి చెప్పింది, నడుమ కొట్టొద్దురా, దమ్ము తప్పుతది, పిలుపు దిగినంక కొట్టుండ్రి. మీ గల్లీకే వస్త. మొదటికెళ్ళి పాడను, ఆగిన కాడికెళ్ళే పాడుత. ఏ రోజో ఆగయ్యతో చెప్పి పంపుత.

సెప్టెంబర్ 30, బుధవారం

మధ్యాహ్నం ఎవరూ లేరని రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదాను. గాలే వచ్చింది. ముందు పళ్ళు లేవు కదా. వెనక శేఖర్ నిలబడి ఉన్నాడు. నవ్వలేదు. నాలుక ఎట్లా మడవాలో చూపించాడు.

ఆగయ్య వచ్చి చెప్పి పోయాడు. నాగమణమ్మ వస్తోంది. అక్టోబర్ 4, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి.